టిఫినా, భోజనమా?

లాస్ ఏంజెలెస్ వెళ్లొచ్చానంటే టెక్సాస్‌లో మేముండే ఇర్వింగ్‌లో మా స్నేహితులంతా హాలీవుడ్ చూశావా, సముద్రం చూశావా అని అడిగారు. రెండూ చూడలేదు. మూడు రోజుల్లో నేను చూసింది ఒక తైవాన్ వాళ్ల హోటలు, దాని ముందున్న క్యూ, లోపల ఒక గుండ్రటి బల్ల. అయినా నా నలభై ఏళ్లలో ఇంత అయోమయపు ప్రయాణం ఇంకొకటి లేదు. అటు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇది చదివితే అక్కడ ఏం తినాలో కొంచెం తెలుస్తుంది, ఎలా తినకూడదో బాగా తెలుస్తుంది.

ఇర్వింగ్: అమ్మ పెట్టిన షరతు

ఇది 2009 నాటి సంగతి. మా చెల్లెలు మాధవి లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేస్తోంది. ముప్ఫై ఒకటో ఏడు వచ్చింది. మేము చూపించిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టిన పిల్ల, ఆ మార్చి నెలలో ఫోన్ చేసి, కెవిన్ అని తైవాన్ వాళ్లబ్బాయిని చేసుకోవాలనుకుంటున్నాను, మీరు సరేనంటేనే చేసుకుంటాను అంది. మొదటి ముక్కకు అమ్మకు కోపం వచ్చింది. రెండో ముక్కకు నాకు భయం వేసింది. ఎదిరించి చేసుకునే పిల్ల అయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇది మాట వినే పిల్ల. మేము కాదంటే నిజంగానే మానేస్తుంది. నాన్న పోయాక ఇంటికి పెద్దదాన్ని నేనే కాబట్టి ఆ అవును, కాదు రెండూ నా నెత్తినే పడ్డాయి.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చింది. అబ్బాయిని చూడ్డానికి నువ్వూ రావమ్మా అంటే మోకాళ్లు నొప్పి, విమానంలో కూర్చోలేనంది. ఆ మోకాళ్లతోనే రోజూ పొద్దున మా అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లు కొడుతుంది. నేను బ్యాగు సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి ఒకటే మాట చెప్పింది.

“కాఫీ తాగు, టిఫిన్ తిను. అన్నం మాత్రం ముట్టుకోబాక. అన్నం తిన్నావంటే మనం ఒప్పుకున్నట్టే.”

మా చీరాలలో మా బంధువుల ఇళ్లల్లో ఇది పాత పట్టింపు. పెళ్లిచూపులకు వెళ్తే స్వీటు, కారప్పూస, కాఫీ. అంతవరకే. మాట ఖాయమయ్యాకే విస్తరి ముందు కూర్చోవడం. నా సంబంధం మాట్లాడ్డానికి నాన్న తెనాలి వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండింటిదాకా వాళ్లింట్లో కూర్చున్నాడట. వంటింట్లోంచి గుత్తివంకాయ వాసన వస్తున్నా, ఇంటి దగ్గర తినే బయల్దేరానని చెప్పి, బస్టాండులో పూరీలు తిని వచ్చాడు. మా బాబాయి ఒకసారి మొహమాటానికి పోయి ఒకరింట్లో పప్పన్నం తిన్నాడు. తర్వాత ఆ సంబంధం వద్దనుకున్నాం. మా ఇంట్లో అన్నం తిని మాట మార్చారని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందువల్ల అమ్మ షరతును నవ్వి తీసిపారెయ్యడం నాకు చేతకాలేదు.

ఇంతా చేసి, కోపంగా ఉన్న మనిషే తెల్లవారుజామున లేచి సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టింది. ఎవరికమ్మా అంటే, ఉత్త చేతులతో వెళ్తావా ఏమిటి అంది.

విమానంలో పదకొండు ప్రశ్నలు

శుక్రవారం విమానంలో నా పక్కన ఎల్ పాసో పెద్దాయన ఒకరు కూర్చున్నారు. మనవరాలి పెళ్లికి వెళ్తున్నారు. నా ఒళ్లో ఉన్న కాగితం చూసి ఏ భాష అని అడిగారు. అది నేను అబ్బాయి వాళ్లని అడగాల్సిన ప్రశ్నల జాబితా. మొత్తం పదకొండు. చదివి వినిపించమన్నారు. మొదటిది గోత్రం. అదేమిటో ఇంగ్లీషులో చెప్పబోయి పావుగంట తంటాలు పడ్డాను. ఆఖరికి, తైవాన్ వాళ్లకి అది ఉంటుందా అని ఆయన అడిగేసరికి, ఈ ప్రశ్న ఎందుకు రాసుకున్నానో నాకే తెలియలేదు. దాన్ని కొట్టేశాను. జాతకం కొట్టేశాను. మీ వాళ్లు ఎక్కడెక్కడ స్థిరపడ్డారు అన్నది మాత్రం ఉంచాను. ఆయన కాసేపు ఆలోచించి, అంట్లు ఎవరు తోముతారో అడుగు, నా నలుగురు కూతుళ్ల విషయంలో నేను అదొక్కటే అడిగాను అన్నారు. రాసుకున్నాను.

మాధవి అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి ఉంచింది. తింటున్నంతసేపు ఆఫీసు గురించి చెప్పింది, ట్రాఫిక్ గురించి చెప్పింది, అబ్బాయి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేనే అడిగాను, రేపు వాళ్లింటికి ఎన్నింటికి అని. ఇంటికి కాదట, హోటల్‌కట. కెవిన్ వాళ్ల నాయనమ్మ అలా నిర్ణయించిందట. నాకు అనుమానం వచ్చింది. మన దగ్గరైతే ఇల్లు చూడకుండా సంబంధం ఎవరు మాట్లాడుతారు? ఇల్లు ఎందుకు చూపించరు? అక్కడ మంచి సూపు డంప్లింగులు, అంటే ఆవిరి కుడుముల్లాంటివి, పెట్టించాలని ఆవిడ ముచ్చట అక్కా, అంతకంటే ఏమీ లేదు అంది మాధవి. తర్వాత కంచం కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“అమ్మ అన్నం సంగతి చెప్పి పంపిందా?”

చెప్పిందన్నాను. అక్కడ అందరూ డంప్లింగులే తింటారు, అన్నం నేను ఆర్డర్ చెయ్యనులే అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

అర్కేడియా: నంబరు చీటీ

శనివారం పదిన్నరకు లాస్ ఏంజెలెస్ పక్కనున్న అర్కేడియా చేరాం. హోటల్ ఇంకా తెరవలేదు, అప్పటికే అరవైమంది బయట ఉన్నారు. తిరుపతి క్యూలో నిలబడ్డదాన్నే గాని, టిఫిన్ కోసం ఇంతమంది నిలబడ్డం చూడలేదు. తలుపు దగ్గర ఒక అమ్మాయి నంబరు చీటీ, ఒక పెన్సిలు, పొడుగాటి ఆర్డరు కాగితం ఇస్తుంది. కూర్చోకముందే, వాసన కూడా చూడకముందే, ఏం కావాలో ఎన్ని కావాలో టిక్కులు పెట్టేయాలి. మా నంబరు 74. ముందు నిలబడ్డ ఫిలిప్పీన్స్ నర్సు ఒకావిడ, మొదటిసారా అని అడిగి, గబుక్కున కొరకొద్దు, నాలిక కాలుతుంది అని హెచ్చరించింది. ఆవిడ గంటన్నర డ్రైవ్ చేసుకుని నెలకోసారి వస్తుందట. పది డంప్లింగుల బుట్ట ఎనిమిది డాలర్ల చిల్లర. ఆ డబ్బుకు ఇర్వింగ్‌లో మసాలా దోసె, ఫిల్టర్ కాఫీ వస్తాయని నేను లెక్క వేసుకుంటుండగా వాళ్లు వచ్చారు.

నేను వెంకటగిరి చీర కట్టుకుని వెళ్లాను, పెళ్లిచూపులు గదా అని. కెవిన్ అమ్మగారు వాకింగ్ బూట్లు, ఎండ టోపీలో ఉన్నారు. నాయనమ్మకు ఎనభై దాటాయి. మే నెల ఎండలో చేతుల్లేని దూది కోటు వేసుకుంది. నాన్నగారు పని మీద తైవాన్ వెళ్లారట. కెవిన్ బాగా పొడుగు, కళ్లద్దాలు, నన్ను చూడగానే “నమస్తే అక్కా” అన్నాడు. ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేశాడో గాని ‘అక్కా’ని ఊరికే పొడుగ్గా లాగాడు. వాళ్లు మమ్మల్ని చూడ్డానికి వచ్చినట్టా, మేము వాళ్లని చూడ్డానికి వచ్చినట్టా అన్నది నాకు అర్థం కాలేదు. అందరం కలిసి ఒక మండుతున్న పార్కింగ్ లాట్‌లో చీటీ పట్టుకుని నిలబడ్డాం.

సున్నుండల డబ్బా ఇచ్చాను. నాయనమ్మ రెండు చేతులతో అందుకుని, మూత కూడా తియ్యకుండా సంచిలో పెట్టేసింది. నా ప్రాణం చివుక్కుమంది. మన ఇళ్లల్లో అయితే వెంటనే ఒకటి నోట్లో వేసుకుని, నెయ్యి బాగా పట్టిందనో, బెల్లం తక్కువనో అంటారు. ఇచ్చినవాళ్ల ఎదురుగా విప్పకపోవడం వాళ్ల మర్యాద అక్కా అని మాధవి చెవిలో చెప్పింది. ఈ లోపల ఆ ముసలావిడ ఆర్డరు కాగితం లాక్కుని, మాధవి పెట్టిన టిక్కుల కింద తన చేత్తో ఇంకో టిక్కు పెట్టింది. అదేమిటో నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

అద్దం వెనక

లోపలికి వెళ్లే దారిలో పెద్ద అద్దం ఉంది, దాని వెనక వంటవాళ్లు. తెల్ల టోపీలు, మూతికి గుడ్డలు. ఒకరు పిండి ముద్దలు తుంచుతారు, ఒకరు పలచటి బిళ్లలుగా వత్తుతారు, ఒకరు మధ్యలో మాంసం పెట్టి అంచు మడతలు వేస్తూ మూసేస్తారు. మా అమ్మ కజ్జికాయల అంచు చుట్టినట్టే, కాకపోతే ఇది గుండ్రంగా పైకి తేలుతుంది. ఒకదానికి ఎన్ని మడతలో లెక్కపెట్టబోయాను. పదకొండు దగ్గర తప్పాను. మళ్లీ మొదలుపెట్టి పద్నాలుగు దగ్గర తప్పాను. కెవిన్ పక్కకొచ్చి పద్దెనిమిది అన్నాడు, చిన్నప్పుడు తనూ రోజంతా లెక్కపెట్టేవాడట. మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు అని అప్పుడే అడిగేద్దామనుకున్నాను. మాధవి చూస్తోందని ఆగాను.

సూపు ఎక్కడ?

బల్ల మీదికి వెదురు బుట్టలు వచ్చాయి. మూత తీస్తే ఆవిరి. సూపు డంప్లింగులు అన్నారు గదా, సూపు గిన్నె కోసం నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎవరూ తేలేదు. సూపు లోపలే ఉందట. పిండి లోపల పులుసు పోసి మూసి ఉడికిస్తే కారకుండా ఎలా ఉంటుంది? కెవిన్ చెప్పాడు: మాంసం ఎముకల పులుసును ముందు చల్లబెట్టి గడ్డ కట్టిస్తారు, ఆ గడ్డను తరిగి మాంసంలో కలుపుతారు, ఆవిరికి మళ్లీ కరుగుతుంది. అర్థమైందన్నాను. చెప్పొద్దూ, బుర్ర తిరిగింది.

ఏ మాంసం అని అడిగితే పంది అన్నారు. మా ఇంట్లో పంది ఎప్పుడూ వండలేదు. తినకూడదని ఎవరైనా అన్నారా అని ఆలోచిస్తే అదీ గుర్తురాలేదు. అమ్మ వద్దన్నది అన్నం ఒక్కటే. షరతులో పంది లేదు. ఆవిరి మీద ఉడికిన పదార్థం, ఇడ్లీ జాతి, కాబట్టి టిఫిన్ కిందే లెక్క. ఇలా నాకు నేనే తీర్పు చెప్పుకుని చేతికి పని చెప్పాను.

అక్కడే పొరపాటు జరిగింది. పక్కన చిన్న గిన్నెలో సన్నగా తరిగిన అల్లం, వెనిగరు, సోయా సాసు పెట్టారు. చూడగానే అది నాకు చట్నీలాగే కనిపించింది. ఇడ్లీని తుంచుకున్నట్టు ఒక డంప్లింగును వేళ్లతో పట్టుకుని చట్నీలోకి ఒత్తాను. అది పేలింది. కాలే పులుసు నా వేళ్ల మీద, వెంకటగిరి చీర కుచ్చిళ్ల మీద, లిన్ ఆంటీ ఎండ టోపీ మీద పడింది. లిన్ ఆంటీ అంటే కెవిన్ అమ్మగారు. ఆవిడ ముందు నా వేళ్లు పట్టుకుని చూసి, తర్వాత టోపీ తుడుచుకున్నారు.

నాయనమ్మ కుర్చీ నా పక్కకు జరుపుకుంది. పింగాణీ చెంచా నా చేతిలో పెట్టింది. వాళ్లు తినడానికి వాడే రెండు పుల్లలతో డంప్లింగును కొసన పట్టి మెల్లగా ఎత్తి చెంచాలో కూర్చోబెట్టింది. ఒక పుల్లతో పక్కన చిన్న గాటు పెట్టింది. పులుసు చెంచాలోకి దిగింది. తాగమని సైగ చేసింది. తాగాను. అబద్ధమెందుకు, మహా రుచిగా ఉంది. మిరియాలు, ఇంగువ, పోపు ఏమీ లేకుండా ఒక పులుసు ఇంత కమ్మగా ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత నాలుగు అల్లం పోగులు పైన వేసి మిగతాది నోట్లో పెట్టుకోమంది.

ఒకటి తిన్నాక ఇంకొకటి వేసింది. చాలు చాలంటూ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాను. నా వేళ్ల సందులోంచి ఇంకొకటి జారవిడిచింది. మా పెద్దమ్మ గారెలు వేసేది అచ్చం ఇలాగే. మధ్యమధ్య కెవిన్‌తో తన భాషలో ఏదో అడిగిస్తోంది. మీ నాన్నగారు ఏం చేసేవారు, మీరెంతమంది, మీ అమ్మగారు ఎందుకు రాలేదు. మోకాళ్లు నొప్పి అన్నాను. ఆవిడ సంచి వెతికి, ఆకుపచ్చ తైలం సీసా తీసి, అమ్మకివ్వమని నా చేతిలో పెట్టింది. నాకు సిగ్గేసింది. ఆ మోకాళ్ల సంగతి నాకు తెలుసు గదా.

జాబితాలోని ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు. అడగడానికి నోరు ఖాళీ లేదు. ఒక సంగతి మాత్రం కంటపడుతూనే ఉంది. బుట్టలో ఒకటీ అరా అడుగున అంటుకుని చిరుగుతాయి, వాటిలో సూపు కారిపోతుంది. కెవిన్ ప్రతి బుట్టలోనూ ముందు ఆ చిరిగినవి ఏరి తన ప్లేటులో వేసుకుని, మంచివి మా వైపు తిప్పుతున్నాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. రోజూ జరిగే పనిలాగే ఉంది.

అన్నం

నాలుగు బుట్టలు అయిపోయాక, ఇక లేవడమే అనుకుంటుండగా, సర్వర్ ఒక పెద్ద పళ్లెం తెచ్చి సరిగ్గా నా ముందు పెట్టాడు. అన్నం. గుడ్డు, రొయ్యలు, ఉల్లికాడలు వేసి వేయించిన తెల్లటి అన్నం. ముసలావిడ పెట్టిన టిక్కు ఇదన్నమాట.

నాయనమ్మ ఒక చిన్న గిన్నె నిండా పెట్టి నా ముందుకు జరిపింది. నేను నీళ్లు తాగాను. టీ తాగాను. ఇది వేయించిన అన్నం గదా, పులిహోర తింటే భోజనం కిందికి వస్తుందా అని ఆలోచించాను. ఇడ్లీలో మాత్రం బియ్యం లేదా అనుకున్నాను. ఎంత వాదించుకున్నా గిన్నెలో ఉన్నది అన్నమే. కడుపు నిండిపోయిందని సైగ చేసి గిన్నె పక్కకు పెట్టాను. ఆవిడ చూసింది. కాసేపాగి మళ్లీ నా ముందుకు జరిపింది. నేను మళ్లీ పక్కకు పెట్టాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. కెవిన్‌తో ఏదో అంది. అతను కొంచెం ఇబ్బందిగా నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పాడు. నాయనమ్మ వాళ్ల ఊళ్లో మనిషి ఎదురైతే బాగున్నావా అని అడగరట, అన్నం తిన్నావా అని అడుగుతారట. తను పిలిచిన మనిషి అన్నం తినకుండా లేచిపోతే ఆవిడకి మనసున పట్టదట. అన్నం బాగా లేదా, వేరేది తెప్పించనా అని అడుగుతోంది.

చీరాలలో మేమూ అదే గదా అడుగుతాం. ఈ మాట వినేసరికి నా తల పూర్తిగా దిమ్మెక్కిపోయింది.

అప్పుడు మాధవి తెలుగులో, నెమ్మదిగా, నా వైపు చూడకుండా అంది.

“అక్కా, నీకు వద్దనిపిస్తే తినబాక. వాళ్లకి నేను ఏదో ఒకటి చెప్పుకుంటాలే. నేనేం అనుకోను.”

గొంతు మామూలుగానే ఉంది. చేతిలో పుల్లలను మాత్రం ప్లేటు పక్కన పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. బల్ల దగ్గరున్న ఐదుగురిలో ఆ గిన్నె సంగతి తెలిసింది మా ఇద్దరికే. మిగతా ముగ్గురూ రుచి గురించి దిగులుపడుతున్నారు. నేను ఏం చూద్దామని వచ్చాను? ఇల్లు చూడలేదు, గోత్రం అడగలేదు, ఆస్తి అడగలేదు, అంట్ల సంగతి కూడా తేలలేదు. ఏం చూశావని రేపు అమ్మ అడిగితే ఏం చెప్పాలి?

కెవిన్ ప్లేటు వైపు చూశాను. చిరిగిన తోళ్లు, సూపు లేని మాంసం. మా ఇంట్లో అట్లు పోసే రోజు మొదటి అట్టు ఎప్పుడూ పెనానికి అంటుకుని ముక్కలయ్యేది. నాన్న ప్రతిసారీ దాన్ని తన కంచంలో వేయించుకునేవాడు. ఇరవై ఏళ్లు చూశాం, మాకదేమీ పెద్ద విషయంగా అనిపించలేదు. నాన్న పోయాక మొదటిసారి అట్లు పోసినప్పుడు ఆ మొదటి అట్టు ఎవరికి వెయ్యాలో తెలియక అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

గిన్నె నా ముందుకు లాక్కున్నాను. చెంచాతో మొదటి ముద్ద తిన్నాను. మాధవి తల వంచుకుని న్యాప్‌కిన్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అల్లం ఘాటనుకుని లిన్ ఆంటీ మంచినీళ్లు అందించారు. గిన్నె ఖాళీ అయ్యాక నేనే నాయనమ్మ ముందు పట్టాను, మారు వడ్డించమని. ఆవిడకు ఏమీ తెలియదు. పళ్లు లేని నోటితో నవ్వుతూ గోపురంలాగా వడ్డించింది.

పార్కింగ్ లాట్ నుంచి ఫోన్

వాళ్లు కారెక్కి వెళ్లిపోయాక అమ్మకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

“తిన్నావా?”

“తిన్నానమ్మా. అన్నం తిన్నాను.”

మొహమాటపెట్టారా అని అడిగింది. మొదటిసారి ముసలావిడ పెట్టింది, రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను అన్నాను.

“పెరుగు వేశారా?”

లేదమ్మా, వీళ్లు పెరుగు తినరు అన్నాను.

“పెరుగన్నం తినకుండా భోజనం అయినట్టెట్టా అవుద్ది?” అని ఫోన్ పెట్టేసింది.

భోజనం కాలేదు కాబట్టి మేము ఒప్పుకున్నట్టు కాదనా? ఏమందని మాధవి అడిగితే, పెరుగు గురించి అడిగింది అన్నాను. అంతకుమించి నాకు తెలిస్తే గదా చెప్పడానికి. ఆదివారం విమానం ఎక్కేదాకా ఇద్దరం ఆ పెరుగు గురించే ఆలోచించాం.

మళ్లీ ఇర్వింగ్

ఇంటికి చేరేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నేను తైలం సీసా ఇచ్చి, ఎవరిచ్చారో చెప్పాను. మూత తీసి వాసన చూసి కళ్లు మూసుకుంది. ఏం చూశావు, ఏం అడిగావు అనలేదు. అబ్బాయి ఎలా ఉన్నాడు అని మాత్రం అడిగింది. చిరిగిన డంప్లింగుల సంగతి చెప్పాను. స్టవ్ కట్టేసి విన్నది. తర్వాత పైన అరలోంచి, గట్టిగా మూత బిగిసే బుల్లి స్టీలు డబ్బా ఒకటి తీసి కడగడం మొదలుపెట్టింది.

“వాళ్లింట్లో పెరుగుండదు గదా. తోడుకి కాస్త నేనే పట్టుకెళ్తాను. టికెట్ ఎప్పటికి దొరుకుద్దో చూడు.”

పెరుగు హ్యాండ్ బ్యాగులో పెడితే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారమ్మా, చెకిన్‌లో పెడదాం అన్నాను. సరేనంది. మోకాళ్ల మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.